ఊరంతటికీ హెచ్‌ఐవీ పరీక్ష: క్యాంపుకు ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలంలో ఒక ఊరు. పెద్దవాళ్లు మూడు వేల మంది దాకా ఉంటారు. ఏడాదిలోపు మా ఊళ్లో ఇద్దరు పోయారు, ఎయిడ్సేనని ఊరంతా అంటోంది. వాళ్లలో ఒకాయన ఒంగోలు నుంచి మందులు తెచ్చుకునేవాడు, మధ్యలో మానేశాడట. ఆఫ్రికాలో ఊళ్లకు ఊళ్లు పరీక్ష చేసి అందరికీ మందులిస్తే కొత్త కేసులు తగ్గాయని చదివాను. సంక్రాంతికి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నుంచి మావాళ్లంతా వస్తారు. ఆ మూడు రోజుల్లో బడిలో క్యాంపు పెట్టి ఒక్కరినీ వదలకుండా పరీక్ష చేయించాలని మా యువజన సంఘం అనుకుంటోంది. సర్పంచ్ గారు సరేనన్నారు. రానివాళ్ల పేర్లు పంచాయతీ బోర్డు మీద రాద్దామని కొందరి మాట. కిట్లు మేమే కొనొచ్చా? ఇలా చేస్తే మా ఊళ్లో జబ్బు ఆగుతుందా?

జవాబు: క్యాంపు పెట్టండి. బోర్డు మాట మాత్రం ఇవాళే వదిలేయండి. మంచీ చెడూ తర్వాత, ముందు అది చట్టం ఒప్పని పని. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి విషయం తెలుసుకుని తనంతట తాను ఒప్పుకుంటేనే పరీక్ష చేయాలి. గ్రామసభ తీర్మానం, సర్పంచ్ గారి మాట, కులపెద్దల కట్టుబాటు ఏవీ ఆ ఒప్పుకోలుకు బదులు కావు. ఒకరికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. వాళ్ల మీద ద్వేషం రేగేలా రాసినా, ప్రచారం చేసినా మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. పరీక్షకు రానివాళ్ల పేర్లు రాస్తే ఊరు దాన్ని 'ఉన్నవాళ్ల పేర్లు' అనే చదువుతుంది.

కిట్లూ కొనొద్దు. ప్రభుత్వ ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగు, పరీక్షల కేంద్రం) నుంచి కౌన్సెలరు, ల్యాబ్ టెక్నీషియను కిట్లతో సహా వస్తారు, పైసా ఖర్చుండదు. మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు ద్వారా డీఎంహెచ్‌ఓ కార్యాలయంలో ఎయిడ్స్ నియంత్రణ చూసే విభాగానికి ఒక ఉత్తరం పెట్టండి. కనీసం నెల ముందు పెట్టాలి, ఎందుకంటే వాళ్ల నెలవారీ క్యాంపుల పట్టిక ముందే తయారవుతుంది.

మీరు చదివింది నిజమే, అయితే సగమే. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఒక లెక్క కట్టారు. పెద్దవాళ్లందరికీ ఏటా స్వచ్ఛందంగా పరీక్ష చేసి, ఉందని తేలినవాళ్లకు వెంటనే మందులు మొదలుపెడితే, తీవ్రంగా ఉన్న ప్రాంతంలో కూడా పదేళ్లలో కొత్త ఇన్‌ఫెక్షన్లు ఏడాదికి వెయ్యి మందిలో ఒకటికి దిగుతాయని అంచనా. 2011లో దీనికి గట్టి ఆధారం దొరికింది. భార్యాభర్తల్లో ఒకరికి ఉండి ఒకరికి లేని 1,763 జంటల మీద తొమ్మిది దేశాల్లో జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనంలో, మందులు ముందుగా మొదలుపెట్టినవాళ్ల నుంచి జీవిత భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. మనకు దగ్గరున్న చెన్నై కూడా ఆ అధ్యయన కేంద్రాల్లో ఒకటి. జంటల్లో పనిచేసింది ఊళ్లలో పనిచేస్తుందా అన్నది చూడటానికే ఆఫ్రికాలో నాలుగు పెద్ద ప్రయోగాలు చేశారు. నాలుగూ ఒకే జవాబు ఇవ్వలేదు.

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పరీక్షలు బాగానే చేశారు. క్లినిక్కులు నడిచి వెళ్లేంత దూరంలోనే పెట్టారు. అయినా కొత్త కేసులు తగ్గలేదు. పాజిటివ్ అని తెలిసి అప్పటిదాకా వైద్యంలో లేనివాళ్లలో సగం మంది కూడా ఆరు నెలల్లో ఆ క్లినిక్కు గడప తొక్కకపోవడం దానికి పెద్ద కారణం. బోట్స్‌వానాలో 30 ఊళ్లు తీసుకుని సగం ఊళ్లలో ఇదే పని చేస్తే, మామూలుగా వదిలేసిన ఊళ్లకంటే ఇన్‌ఫెక్షన్లు దాదాపు 30 శాతం తక్కువ వచ్చాయి. అక్కడ మందులు మొదలుపెట్టినవాళ్లు చాలావరకు నిలబడ్డారు. జాంబియా, దక్షిణాఫ్రికాల్లో 21 ప్రాంతాలు, దాదాపు పది లక్షల జనాభాతో జరిగిన పాపార్ట్ వీటన్నిటిలోకీ పెద్దది. ఇద్దరిద్దరు కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి పరీక్ష చేసేవారు, పాజిటివ్ వచ్చినవాళ్లు క్లినిక్కుకు వెళ్లారో లేదో మళ్లీ వెళ్లి కనుక్కునేవారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ఇంటింటి పరీక్షతోపాటు ఆనాటి దేశ నిబంధనల ప్రకారం మందులిచ్చిన ప్రాంతాల్లో 30 శాతం తగ్గుదల. చిత్రమేమిటంటే, మొదటి రోజు నుంచే అందరికీ మందులిచ్చిన ప్రాంతాల్లో 7 శాతమే, అదీ లెక్కలోకి తీసుకోలేనంత తేడా. ఎందుకలా వచ్చిందో ఇప్పటికీ ఎవరూ తృప్తిగా చెప్పలేదు.

మీకు ఎక్కువ పనికొచ్చేది నాలుగోది. ఉగాండా, కెన్యాల్లో 32 ఊళ్లలో జరిగిన సెర్చ్ అనే ప్రయోగం. దాన్ని హెచ్‌ఐవీ క్యాంపులా పెట్టలేదు. బీపీ, షుగరు, మలేరియా, టీబీతో పాటు హెచ్‌ఐవీ కూడా చూశారు. పోలిక కోసం ఉంచిన ఊళ్లలో కూడా మొదట్లో అందరికీ పరీక్ష చేశారు కాబట్టి రెండు రకాల ఊళ్ల మధ్య తేడా తేలలేదు. కానీ ప్రయోగం జరిగిన ఊళ్లలో మూడేళ్లలో కొత్త ఇన్‌ఫెక్షన్లు 32 శాతం తగ్గాయి. బీపీ రోగులకూ మేలు జరిగింది.

ఈ నాలుగింటిలో మాకు కనిపించేది ఒకటే. జబ్బు సోకడాన్ని ఆపేది పరీక్ష కాదు, రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గడం. ఆ స్థితికి వచ్చిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఎదుటివారికి సోకదు. సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారన్న కబురుతో శివారు మడి తడవదు కదా, ఇదీ అంతే. వందమందికి ఉంటే 95 మందికి తెలిసి, వాళ్లలో 95 శాతం మందులు వాడుతూ, వాళ్లలో 95 శాతానికి వైరస్ అదుపులో ఉంటే చివరికి 86 మంది మిగులుతారు. అదే 80 శాతానికి తెలిసి, 70 శాతం వాడి, 80 శాతానికి అదుపైతే 45 మందే. మధ్యలో ఎక్కడ కారినా చివర్లోనే తెలుస్తుంది. ఇది మీ ఊరికి కొత్త కాదు. మందులు మానేసి పోయిన ఆయనను పరీక్ష ఏనాడో పట్టుకుంది. ఆయన జారిపోయింది ఆ తర్వాత.

ఇక మూడు వేల మంది లెక్క. పాపార్ట్ ప్రాంతాల్లో పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది. 2021 అంచనాల్లో మన రాష్ట్రంలో అది 0.67 శాతం. దేశ సగటు 0.21తో చూస్తే మూడింతలు, కానీ అక్కడితో పోలిస్తే ఏ మూలకూ రాదు. ఆ సగటే మీ ఊరికీ వేసుకుంటే 20 మంది. అందులో 15 మందికి ఇప్పటికే తెలుసనుకుందాం, కొత్తగా దొరకాల్సింది ఐదుగురు. ఇప్పుడు కిట్ సంగతి. వెయ్యిమంది లేనివాళ్లలో 995 మందికి సరిగ్గా 'లేదు' అని చూపే మంచి కిట్ అయినా, 2,980 మంది లేనివాళ్లలో 15 మందికి 'ఉంది' అని చూపే గీత తప్పుగా వస్తుంది. అంటే కొత్తగా గీత వచ్చిన 20 మందిలో 15 మందికి జబ్బే లేదు. అదే కిట్ పాపార్ట్ ప్రాంతంలో మూడు వేల మందికి వాడితే 600 మంది నిజమైనవాళ్లు, 12 మంది తప్పుడు గీతవాళ్లు. కిట్ అదే, ఊరు మారితే దాని మాటకు విలువ మారుతుంది. మీ ఊళ్లో వేలి చుక్క పరీక్ష ఒక్కటి చూసి ఎవరికైనా 'నీకుంది' అని చెబితే నలుగురిలో ముగ్గురికి అబద్ధం చెప్పినట్టే.

అందుకే క్యాంపులో గీత వస్తే దాన్ని 'రియాక్టివ్' అంటారు తప్ప పాజిటివ్ అనరు. ఐసీటీసీలో నరం నుంచి రక్తం తీసి, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు రకాల కిట్లతో చూసి, మూడూ రియాక్టివ్ వస్తేనే పాజిటివ్ అని రాసిస్తారు. క్యాంపులో కౌన్సెలరు రియాక్టివ్ వచ్చిన మనిషితో చెప్పాల్సిన మాట ఇంతే: "ఈ చుక్కతో తేలలేదు, ఇంకో పరీక్ష చేయాలి, రేపు నేనూ అక్కడే ఉంటాను." మీ వాలంటీర్లు ఇది కూడా చెప్పకూడదు.

ఊరంతటికీ మూడు రోజుల్లో కుదరదని ఎందుకంటున్నామంటే, కౌన్సెలరు దగ్గర మనిషికి పది నిమిషాలు చాలా తక్కువ సమయం. గంటకు ఆరుగురు, రోజుకు ఆరు గంటలు పనిచేస్తే 36 మంది. మూడు వేల మందికి 83 రోజులు. పరీక్ష గురించిన సమాచారం పదిమందిని కూర్చోబెట్టి ఒకేసారి చెప్పొచ్చు, దాంతో కొంత కలిసొస్తుంది. ఒప్పుకోలు, ఫలితం చెప్పడం మాత్రం ఒక్కొక్కరితోనే. ఇది కుదించినచోట రియాక్టివ్ వచ్చిన మనిషి చీటీ జేబులో పెట్టుకుని బస్సెక్కి వెళ్లిపోతాడు, మళ్లీ దొరకడు.

సంక్రాంతి విషయంలో మీ ఆలోచన సగం మంచిదే. పాపార్ట్‌లోనైనా, ఇంకెక్కడైనా ఇంటింటి పరీక్షకు దొరకనిది మగవాళ్లే, పనికి బయట ఉండేవాళ్లు. వాళ్లు ఇంటిపట్టున ఉండేది పండక్కే. కానీ భోగి నాడు ఐసీటీసీలో ఎవరుంటారు? కనుమ మర్నాడు రైలెక్కే కుర్రాడికి ఒంగోలులో మూడు పరీక్షలు ఎప్పుడు చేస్తారు? కాబట్టి పండగ రోజుల్లో కాక, మనుషులు రావడం మొదలైన వారంలో పనిదినం చూసి ఒకరోజు, కనుమ వెళ్లాక మరో రోజు పెట్టండి. ఊళ్లోవాళ్లకు ఏడాది పొడుగునా వార్డుకొకటి చొప్పున చిన్న క్యాంపులు వేయండి. పొగాకు బ్యారన్ల పని ముమ్మరంగా ఉండే నెలల్లో పగలు ఎవరూ రారు, సాయంత్రం పెట్టమని అడగండి. రొయ్యల చెరువుల కాపలాదార్లకైతే పొద్దుటిపూటే వీలు. బయట ఊరికి వెళ్లిపోయే మనిషికి ఒక మాట ముందే చెప్పించండి. దేశంలో ఏ ఐసీటీసీలోనైనా ఉచితంగా తేల్చుకోవచ్చు, ఏ ఏఆర్‌టీ సెంటర్లోనైనా (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) మందులు మొదలుపెట్టొచ్చు. దగ్గర్లో ఎక్కడుందో 1097కు ఫోన్ చేస్తే తెలుగులో చెబుతారు, డబ్బులు పడవు.

బ్యానరు మీద 'ఉచిత ఆరోగ్య శిబిరం' అని మాత్రమే ఉండాలి. బీపీ, షుగరు, దగ్గు ఉన్నవాళ్లకు టీబీ పరీక్ష, వాటితో పాటు హెచ్‌ఐవీ. బడిలో గదులు ఇలా వాడండి. మొదటి గదిలో పేరు, బీపీ, షుగరు. అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక నంబరు చీటీ ఇస్తారు, ఇక ముందు రక్తానికి సంబంధించిన కాగితాల మీద ఆ నంబరే. రెండో గది కౌన్సెలింగుకు. తలుపు వేసి ఉండాలి, కిటికీ అవతల బెంచీ ఉండకూడదు. మన బడి గదుల్లో మాట పక్క గదిలోకి వినపడుతుంది, కాబట్టి పక్క గది ఖాళీగా వదిలేయండి. పరీక్ష వద్దన్నవాళ్లు కూడా ఆ గదిలోకి వెళ్లి, మిగతావాళ్లు ఉన్నంతసేపే ఉండి రావాలి. దీన్ని చాలా క్యాంపుల్లో పట్టించుకోరు. రెండు నిమిషాల్లో బయటికొచ్చినవాడికి 'వద్దన్నాడు' అనీ, ఇరవై నిమిషాలు ఉన్నవాడికి 'ఏదో ఉంది' అనీ బయట చెట్టు కింద కూర్చున్నవాళ్లు లెక్కలు కట్టేస్తారు. బయటికి వెళ్లే దారి లోపలికి వచ్చిన దారి కాకుండా చూడండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, కాబట్టి హైస్కూలు పిల్లల్ని వరసలో నిలబెట్టి పంపొద్దు.

టెక్నీషియను పని మీది కాదు గానీ, వసతి మీది. ఈ కిట్లు చాలావరకు 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాల్సినవి. ఒంగోలు మే ఎండలో షామియానా కింద బల్ల మీద పెడితే మధ్యాహ్నానికి పాడైనట్టే లెక్క. ఫ్యాను, నీడ ఉన్న గది, ఐస్ ప్యాకులతో డబ్బా చూడండి. డబ్బాలోంచి తీసిన కిట్‌ను గది వేడికి వచ్చాకే విప్పాలి. వేలికి స్పిరిట్ రాశాక అది ఆరేదాకా ఆగాలి, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలి. తడి వేలి మీద గుచ్చితే రక్తం పలచబడి ఫలితం తప్పుతుంది. ఒక్కో కిట్‌కు చూడాల్సిన సమయం దాని కాగితం మీద ఉంటుంది, సాధారణంగా పదిహేను ఇరవై నిమిషాలు. ముందు చూస్తే ఉన్న గీత కనపడకపోవచ్చు, గంట తర్వాత చూస్తే లేని గీత రావచ్చు. ఆ సమయం లోపల ఎంత లేతగా వచ్చినా గీత గీతే. కిట్ పనిచేస్తోందని చూపే కంట్రోల్ గీతే రాకపోతే ఆ కిట్ చెల్లదు, కొత్తది తీయాలి. జనం ఎగబడి టెక్నీషియను ముందు ఒకేసారి ఇరవై కిట్లు పరిచారంటే టైమర్లు తారుమారవుతాయి. వరసను ఆపి ఉంచే మనిషి ఒకరు మీ సంఘం నుంచి అక్కడ ఉండాలి, అంతకంటే పెద్ద సాయం ఇంకోటి లేదు. వాడిన లాన్సెట్లు (వేలికి గుచ్చే సూదులు) గుచ్చుకోని గట్టి డబ్బాలో వేసి వాళ్లతోనే పంపేయాలి.

ఇప్పుడు ముఖ్యమైన పని. క్యాంపు తేదీ వేసుకునే ముందే ఈ మూడూ తేల్చుకోండి: రియాక్టివ్ వచ్చిన మనిషితో ఐసీటీసీకి ఎవరు వెళతారు, ఏ రోజు, బస్సు చార్జీ ఎవరిది. తోడు వెళ్లేది ఆ మనిషి ఎంచుకున్నవాళ్లే కావాలి, కౌన్సెలరు, ఆశా, లేదా ఇంట్లోవాళ్లు. మీ సంఘం కుర్రాళ్లకు ఆ పేరు అసలు తెలియకూడదు. పాజిటివ్ తేలాక ఏఆర్‌టీ సెంటర్‌కు పంపుతారు. మీకు దగ్గర ఒంగోలు, రిమ్స్ అని మనం ఇప్పటికీ పిలిచే సర్వజన ఆసుపత్రిలో ఉంది. తెలిసినవాళ్లు కనపడతారని ఒంగోలు వదిలి నెల్లూరుకో గుంటూరుకో వెళ్లేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వెళ్లనివ్వండి. దూరమైనా మానకుండా వెళ్లే చోటే మంచిది. కుదురుకున్నాక, పెద్ద సెంటరుకు అనుబంధంగా దగ్గర్లో మందులిచ్చే లింక్ ఏఆర్‌టీ సెంటర్‌కు మార్చుకోవచ్చు.

2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మందులు మొదలుపెడతారు. మొదటిరోజు రక్తపరీక్షలు తీసి, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడుగుతారు. అది టీబీ కోసం. టీబీ లేకపోతే, తీవ్రమైన తలనొప్పి లాంటి మెదడు జ్వర లక్షణాలూ లేకపోతే, వారంలోపే మందు ఇస్తారు. చాలామందికి రోజుకు ఒకటే మాత్ర: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు కలిపి. మొదటి వారాల్లో కొందరికి నిద్ర పట్టదు, అలాంటప్పుడు రాత్రి బదులు పొద్దున వేసుకోమంటారు. ఐరన్, క్యాల్షియం మాత్రలు, గ్యాస్ ట్రబుల్‌కు తాగే తెల్లమందు దీంతోపాటు వేసుకుంటే డోలుటెగ్రవిర్ సరిగా ఒంటికి పట్టదు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో దీన్ని వేసుకోవాలి. గర్భిణులకు ఏఎన్‌ఎం ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పడం మరిచిపోతుంటారు. టీబీ మందులు కూడా వాడుతుంటే, అందులోని రిఫాంపిసిన్ డోలుటెగ్రవిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి, పన్నెండు గంటల తర్వాత ఇంకో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రవిర్ అదనంగా ఇస్తారు.

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్నది) ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా చూస్తారు. వెయ్యి కాపీలు దాటితే మందు మార్చేయరు. ముందు మాత్రలు సరిగ్గా పడుతున్నాయో లేదో కూర్చోబెట్టి అడిగి, మూడు నెలలు గట్టిగా వాడించి మళ్లీ చూస్తారు. మీ ఊరి ప్రయత్నం ఫలించిందా లేదా చెప్పేది ఈ పరీక్షే, ఎంతమంది వేలు గుచ్చామన్నది కాదు. వైరస్ కనపడటం లేదన్న ఫలితం చేతికొచ్చేదాకా కండోమ్ మానకూడదు.

మందులు మానేయడానికి కారణాలు మన దగ్గర కొత్తవేమీ కావు. ఒళ్లు బాగైంది ఇక ఎందుకని మానేస్తారు. ఒంగోలు వెళ్లిరావడానికి ఒకరోజు కూలి పోతుంది. బయట ఊరికి పనికి వెళ్లి సీసా ఇంట్లో వదిలేస్తారు. మేడ పని దగ్గర పదిమందితో గది, అక్కడ సీసా బయటికి తీయలేరు. పెళ్లిళ్ల నెలలో తాగుడు. నాటువైద్యుడు 'ఆ మాత్రలు ఆపితేనే నా మందు పనిచేస్తుంది' అంటాడు. వీటిలో సగానికి సెంటర్లోనే విరుగుడు ఉంది, అడిగేవాళ్లు తక్కువ. కుదురుకున్నవాళ్లకు ఒకేసారి కొన్ని నెలల మందు ఇస్తారు. వలస వెళ్లేవాళ్లు ముందుగా చెబితే అక్కడి సెంటర్‌కు మార్పు రాసిస్తారు. మాత్రలు సీసాలోంచి తీసి మామూలు విటమిన్ డబ్బాలో పెట్టుకుంటామంటే తేమ తగలకుండా ఎలాగో ఫార్మసిస్టును అడగాలి. మానేసి ఏడాదైనా తిరిగి వెళితే మళ్లీ మొదలుపెడతారు, తిట్టి పంపరు. మాకు వీలుంటే మూడు వేల మందికి పరీక్షకంటే ముందు, మందులు మానేసిన నలుగురిని వెనక్కి తెచ్చే పనికే మీ సంఘాన్ని పెట్టేవాళ్లం. అయితే వాళ్లెవరో మీకు సెంటర్ చెప్పదు, చెప్పకూడదు కూడా. మీరు చేయగలిగిందల్లా ఊళ్లో అందరికీ వినపడేలా 'మానేసినా తిరిగి వెళ్లొచ్చు' అన్న కబురు పదేపదే వేయడం. చాటింపు, వాట్సాప్, గుడి మైకు, చర్చి, మసీదు, ఏదైనా సరే.

ఆ తర్వాత ఎక్కువ ఫలితం ఇచ్చేది, పాజిటివ్ ఉన్నవాళ్ల భార్య, భర్త, పిల్లలకు పరీక్ష. కౌన్సెలర్లు దీన్ని వాళ్ల ఒప్పుకోలుతో చేస్తారు, మూడు వేల మందిలో వెతికేదానికంటే ఇక్కడ త్వరగా దొరుకుతారు. భర్తకు చెబితే కొడతాడనే భయం భార్యకు ఉంటే ఆ మాట కౌన్సెలరుతో ముందే చెప్పాలి, అప్పుడు చెప్పే పద్ధతి వేరే ఉంటుంది. తల్లికి ఉంటే బిడ్డకు ఆరు వారాలకు మొదటి పరీక్ష, పద్దెనిమిది నెలలకు చివరిది. మధ్యలో 'లేదు' అని వచ్చిందని ఆపేయకూడదు. టీబీ ఉన్న ప్రతి ఒక్కరికీ, గర్భిణితోపాటు ఆమె భర్తకూ పరీక్ష చేయించండి. గర్భిణికి చేసి భర్తను వదిలేయడం ఇప్పటికీ మామూలైపోయింది.

పరీక్షలో లేదని వచ్చినవాళ్లను ఊరికే పంపకండి. గత మూడు నెలల్లో ప్రమాదం ఎదురై ఉంటే, మూడు నెలలు నిండాక మళ్లీ చూపించుకోవాలి. సోకిన కొత్తలో కిట్ పట్టుకోలేదు. నిన్న రాత్రే పొరపాటు జరిగిందనుకోండి, 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళితే 28 రోజుల మందు ఇస్తారు. ఎంత త్వరగా వెళితే అంత మంచిది, మూడో రోజు దాకా ఆగొద్దు.

ఇంకొకటి. క్యాంపులో తల్లికి లేకుండా చిన్నపిల్లలకు, లేదా ఒకే వీధిలో పెద్ద వయసువాళ్లకు వరసగా రియాక్టివ్ వచ్చి ఐసీటీసీలోనూ పాజిటివ్ తేలితే, దాన్ని ఎవరి నడతకూ అంటగట్టకండి. సూదులు చూడాలి. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవూలో, 2019లో పాకిస్తాన్‌లోని రతోడేరోలో జరిగింది ఇదే. ఒకే సూది పదిమందికి వాడిన ఇంజెక్షన్ల మీదికే దర్యాప్తులు వెళ్లాయి. మీ ఊరి ఆర్‌ఎంపీ ప్రతి జ్వరానికీ సూది వేస్తుంటే, ప్యాకెట్టు మీ ముందే చింపమని అడగండి.

క్యాంపు అయ్యాక పంచాయతీలో ఏం చెప్పాలన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. బీపీ ఎంతమందికి దొరికింది, షుగరు ఎంతమందికి, ఇవి ధైర్యంగా చెప్పండి. హెచ్‌ఐవీ అంకె మాత్రం చెప్పొద్దు. మూడు వేల మందిలో 'నలుగురు' అన్నారంటే ఆ నలుగురెవరన్న వెతుకులాట సాయంత్రానికే మొదలవుతుంది. ముందు పోయిన ఆ ఇద్దరి ఇళ్ల దగ్గరే మొదలవుతుంది. విలేకరి అడిగినా, ఎమ్మెల్యే గారు అడిగినా, 'వివరాలు జిల్లా అధికారుల దగ్గర ఉంటాయి' అనే ఒక్క మాట మీద మీ సంఘమంతా నిలబడాలి.